ఒక ప్రశ్నార్థకం

హల్ రేవులో మూడున్నరకే దీపాలు పెట్టేశారు.
కిటికీ అవతల టీ రంగు హంబర్
ఆటుకి బురదంతా బయటపెట్టుకుని పడుంది.

సుగియార్తో అనే నావికుణ్ణి గేటు దగ్గర ఆపేశారట.
అతని పేరు అంతే. వెనక ఇంకేమీ లేదు.
కౌంటర్లో డెనిస్ రెండో గడిలో చుక్క పెట్టింది,
మా ఫారం ఒప్పుకోలేదు.
మళ్ళీ సుగియార్తో అనే కొట్టింది.
పాస్‌పోర్టులో ఒక్కడు, టికెట్లో ఇద్దరు.

ఫైలు తెరిచాను. ప్రయాణికుడి కార్డుకి ప్రాప్స్ నాలుగే:
పేరు, ఇంటిపేరు, సీటు, సామాను.
సామాను ఉన్నా సరే, లేకున్నా సరే.
ఇంటిపేరు మాత్రం ఉండి తీరాలి.
రాసిందెవరా అని చూశాను.
నేనే. రెండేళ్ల కిందట, మార్చిలో.

ఇంటిపేరు ముందు పెట్టుకుని పుట్టి,
ఇక్కడికొచ్చాక వెనక్కి తిప్పి తగిలించుకుని,
"మిస్ పిల్లుట్ల" అంటే
మా మేనత్తని పిలిచారేమోనని పక్కకి చూసే నేనే.

కోలన్ ముందు కర్సర్ ఆపి
ఒక ప్రశ్నార్థకం కొట్టాను.
తట్టు పోసినట్టు
ఎడిటర్ ఒంటినిండా ఎర్రగీతలు,
పదకొండు ఫైళ్లలో ఇరవై మూడు.
బోర్డింగ్ పాసు: పెద్దక్షరాల్లో ఏం అచ్చెయ్యను?
జాబితా: ఏ అక్షరం కింద కూర్చోబెట్టను?
ఈమెయిలు "డియర్ మిస్టర్" దగ్గర
నోరు తెరుచుకుని ఉండిపోయింది.

పక్కసీటు ఫెర్గస్ తొంగిచూసి,
"ఎనీ అని పెట్టెయ్, నోరు మూసుకుంటుంది" అన్నాడు.
మూసుకుంటుంది, నిజమే.
డెనిస్ చుక్క కూడా అలాంటిదే కదా.

ఒక్కో గీత మీదా మౌస్ ఆనించాను.
చిన్న పెట్టెలో, కోపం లేకుండా, అదే మాట:
ఇది లేకపోవచ్చు, నువ్వు ఉందనుకుంటున్నావు.
ఇరవై మూడుసార్లు చదివాను.
పదిహేడో దాని దగ్గర టీ చల్లారింది.

గీత పడని చోటు ఒకటి మిగిలింది:
పేరుకీ ఇంటిపేరుకీ మధ్య నేను వదిలిన ఖాళీ.
రెండోది లేనప్పుడు అదీ ఉండకూడదు.
ఎడిటర్‌కి పట్టదు, కంటికి ఆనదు,
గేటు దగ్గరి స్కానరు మాత్రం చూస్తుంది.
తీసేశాను.

డెనిస్‌కి మెసేజ్ పెట్టాను:
ఇంక చుక్క అక్కర్లేదు.
ఎనిమిదిన్నరకి ఓడ కూసింది,
బల్ల మీది చెంచా సన్నగా వణికింది.
అతను ఎక్కాడో లేదో
మా కార్డుకి చెప్పేవాళ్ళెవరూ లేరు.