చెప్పుల కాపలా

గేమ్స్ పిరియడ్ బెల్లు మోగితే చాలు
ముప్పై ఎనిమిది జతల చెప్పులు
వరండా చివర గుట్టపడేవి.
పక్కన నాగుల్ మీరా.
అక్కడ కూర్చోబెట్టింది నేనే.
"నీకూ ఒక పనుండాలి కదరా" అన్నాను,
ఏదో బహుమతి ఇస్తున్నట్టు.

రెండేళ్ళు కాపలా కాశాడు.
ఒక్క చెప్పు పోలేదు.
ఎవడిది నేలని ఈడుస్తుందో
ఎవడిది పట్టీ తెగి పిన్నీసుతో నడుస్తోందో
చప్పుడుతోనే చెప్పేవాడు.
నేను మాత్రం వాణ్ణి
హాజరుపట్టీలో తప్ప ఎక్కడా చూళ్ళేదు.

మార్చిలో గుంటూరు సంగతి మీకు కొత్తేం కాదు.
యార్డులో లారీలు దిగుతాయి.
గాలి ఇటు తిరిగిందంటే
బడి బడంతా తుమ్ముతుంది.
ఆ రోజు కూతకెళ్ళినవాడల్లా
నడిగీత దాటీదాటకముందే దగ్గి ఔటయ్యాడు.
కబడ్డీ కబడ్... ఖళ్ళున.
ఐదుగురు. ఆరుగురు.
విజిల్ ఊదబోయి నేనూ దగ్గాను.

అప్పుడు వినపడింది,
చెప్పుల మధ్యనుంచి,
ఎవరూ అడగని కూత.
కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ
వాచీ చూశాను.
నలభై రెండు సెకన్లు.

వాళ్ళమ్మ ఖాసింబీ
కమీషన్ కొట్లో మిరపకాయలకి తొడిమలు తీస్తుంది.
పాలు తాగే వయసులో
ఆ కొట్లోనే గోనెపట్టా మీద నిద్రపోయినవాడు.
ఊరు ముక్కు మూసుకునే గాలిలో
వాడు ఊపిరి నేర్చుకున్నాడు.

"నేనొక్కసారి వెళ్తా సార్" అన్నాడు.
నా రూల్సు పుస్తకంలో దీనికి పేజీ లేదు.
"దెబ్బ తగిల్తే మీ అమ్మకి నేనేం చెప్పాల్రా?"
"మిగతావాళ్ళ అమ్మలకి ఏం చెప్తారో
అదే చెప్పండి."

రూలు రాసింది పిల్లలు.
సున్నపు గీత కింద కొబ్బరితాడు పాతారు,
అరికాలికి నడిగీత తెలియాలని.
మీరా కూతకొస్తే
అవతలి ఏడుగురూ తొడ కొట్టాలి,
ఎక్కడున్నారో దాచకూడదు.
పల్నాటి నుంచొచ్చిన బాలస్వామికి
ఛాతీ రెండంగుళాలు పెరిగింది.
"అసలు తొడ కొట్టకుండా ఆటేంటి సార్?"

మొదటి వారం మోకాళ్ళు పోయాయి.
రెండో వారం పెదవి చిట్లింది.
ఒకడెవడో జాలిపడి కావాలని ఔటయ్యాడు.
మీరా ఆట ఆపేశాడు.
"వీడు నాకు తగల్లేదు. పాయింటు తీసెయ్యండి సార్."
ఆ తర్వాత ఎవడూ జాలిపడలేదు.
మడమ దొరకబుచ్చుకున్నారు, పడేశారు,
పడ్డవాడి మీద పడ్డారు.

ఖాసింబీ గేటు దగ్గర నిలబడింది,
మంట చల్లారని చేతులు కొంగులో చుట్టుకుని.
పోట్లాటకొచ్చిందనుకున్నాను.
"పద్నాలుగేళ్ళకి సార్," అంది,
"మట్టి పట్టిన చొక్కా తెచ్చాడు."

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.

నిన్న ఆట మధ్యలో వెనక్కి తిరిగాను.
వరండా చివర చెప్పుల గుట్ట.
పక్కన, కాలిపర్లు తొడిగిన కాళ్ళు బార్లా చాపుకుని
ఎనిమిదో తరగతి స్వరూపరాణి.
ఎవరు కూర్చోబెట్టారో అడగలేదు.
నేను కాదని చెప్పుకోడానికి నోరూ రాలేదు.
"ఇప్పుడు నా వంతా సార్?" అంది.
టైమెంతయింది అని అడిగినట్టు, మామూలుగా.

వరండా నుంచి గ్రౌండుకి నాలుగు మెట్లు.
పదకొండేళ్ళుగా రెండు దూకుల్లో దిగుతున్నవాణ్ణి,
నిన్న లెక్కపెట్టాను.

ఇవాళ చెప్పులు గేటు దగ్గరే విడవమన్నాను.
పోయేవి పోతాయి.
మేస్త్రీకి కబురు పెట్టాను, ఇంకా రాలేదు.
హెడ్మాస్టరు గారు ఏ పద్దు కింద అని అడుగుతున్నారు.
మెట్టు మీద కూర్చుని స్వరూప
తొడ కొట్టడం నేర్చుకుంటోంది.
అరచెయ్యి కాలిపరు ఇనుము మీద పడ్డప్పుడల్లా
ఏడుగురి తొడల మోత
చిన్నబోతోంది.