మొగ దగ్గర, మంచులో

బహుదా నది సముద్రంలో కలిసే చోట
పుష్యమాసపు మంచు ఎంత చిక్కగా ఉందంటే
మొహాపాత్ర సారు మెడలో దుర్భిణి
తాయెత్తులా ఊరికే వేలాడుతోంది.
చేతిలో ఫారం. గుండ్రటి ఒడియా అక్షరాల్లో పిట్టల పేర్లు,
ఎదురుగా గళ్లు.
గళ్ల నిండా తెలుపు.

"ఆగండి," అన్నాను. "మా అత్తని పిలుస్తాను."

కారమ్మత్త వచ్చింది,
కొంగుకి ఎండు కవళ్ల వాసనతో.
తడి ఇసకలో గొంతుక్కూచుంది.
అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసి
పక్కన గుచ్చింది.
పొగ కూడా చెవికి అడ్డమేనట.

ముందు దూరంగా మూడు దెబ్బలు:
తే! తే! తే!
"అప్పులోడు," అంది.
"ఇచ్ఛాపురం వడ్డీ సేటు నాగ
గడప తొక్కకముందే అడుగుతాడు."
బంశీధర్ బెహెరా ఒప్పుకోడు.
అతని చెవికి అది తిని, తిని, తిని.
ఒడియాలో తిని అంటే మూడు.
మూడుసార్లు అరిచి మూడని తనే చెబుతోంది,
మనం రాసుకోవడమే, అంటాడు.
మాకేమో తిని అంటే తిన్నాక.
ఒకే పిట్ట.
ముక్కు ఎటు తిప్పితే అటువైపు భాష.

తర్వాత బురద మీంచి, సాగదీసి,
చివర పైకి లేచే ప్రశ్న:
కూ... రేదీ? కూ... రేదీ?
"వంకర ముక్కుది. పొద్దున్నే కంచం ముందేసుకున్న మొగుడు."
ఆ వెనకే గబగబా ఏడు ఈలలు, ఎక్కడా తెగకుండా,
బరంపురం పెళ్లిళ్లలో ఆడవాళ్ల హుళహుళి.
అత్త వేళ్లు మడిచింది.
"ఏడుంటేనే పిట్ట. ఆరైతే మనిషి.
వల పన్నేవోడికి ఊపిరి ఆరుకాడే అయిపోద్ది."

సారు గీతలు గీస్తున్నాడు.
ఎక్కడ నేర్చుకుందో అడగమన్నాడు.
అడగక్కర్లేదు, నాకు తెలుసు.

ఆడవాళ్లు తెప్ప ఎక్కరు.
మామ రాత్రివేటకి పోతే
ఆమె ఈ దిబ్బ మీద లాంతరు పట్టుకుని నిలబడేది.
మొగ ఏటేటా జరుగుతుంది,
నిన్నటి దారి ఇవాళ ఇసక.
అప్పులోడు అరిచిన వైపు చీలమండ లోతే.
కూరేదీ అంటే బురద, తెప్ప దిగబడుతుంది.
గులకలు తిరగేసే పిట్ట టకటకలాడితే రాయి.
ఏ పిట్టా అరవని చోటే
లోతు.
అటు ఊపేది లాంతరు.

ఒక్క రాత్రి మాత్రం
ఎటువైపూ ఏదీ అరవలేదు.

ఈ మాట నేను సారు కోసం
ఒడియాలోకి మార్చలేదు.

మంచు పల్చబడ్డాక సారు
జేబులోంచి రికార్డరు తీసి నొక్కాడు.
తే! తే! తే! "అదుగో, అప్పులోడు."
కూ... రేదీ? "ఆఁ, మొగుడు."
ఏడు ఈలలు. వేళ్లు మడిచింది, సరిపోయాయి.
ఆ వెనక, దగ్గరగా,
గరగరలాడుతూ, తడిగా,
అప్పుడే పొగ మానిన గొంతులోంచి వచ్చినట్టు
ఒక చిన్న దగ్గు, ఆపైన ఊఁ... అని
చివర కాస్త లేచిన అరుపు.

అత్త తల వంచింది.
వేలు మడవబోయి ఆగిపోయింది.
"ఇదేటే గుంటా?
ఈ పిట్టని నానెప్పుడూ ఇన్నేదు."

బంశీధర్ నా వంక చూశాడు.
నేను నీళ్ల వంక.
ఫారం అడుగున ఒక గడి ఉంటుంది,
గుర్తు తెలియనివాటికి.
సారు అందులో నెమ్మదిగా
ఒకటి వేసుకున్నాడు.

అత్త చుట్ట పీకి, ఇసక ఊది,
వెలిగించకుండానే పట్టుకుంది.
"మల్లీ ఎట్టు," అంది.
"ఏ లోతుల మేత్తాదో ఇనాల."