గేజికి ఒక్క వరస

వరద తీసి వారమైంది.
ఆఫీసు గోడ మీద మోకాలెత్తు బురద గీత
ఇంకా ఆరలేదు.
డీఈ గారు గుమ్మంలోంచే అన్నారు:
"పదకొండు గేజిలు. గేజికి ఒక్కటే వరస.
నీళ్లు ఎంతదాకా లేచాయి, ఎప్పుడు, ఎవరు చూశారు.
సాయంత్రానికి ధవళేశ్వరం వెళ్లిపోవాలమ్మా."

పది రోజులు, గంటకొకటి చొప్పున
రెండువేల ఆరొందల నలభై వరసలు నా దగ్గర.
లస్కర్లు టార్చి వెలుగులో మెట్లు దిగి
"ఆయ్, పదిహేడున్నరండీ" అని ఫోన్లో అరిచినవి,
తడిసిన చీటీల మీద వచ్చినవి.

తేలికే అనుకున్నాను.
గేజి వారీగా గుంపు కట్టి గరిష్ఠం అడిగాను.
బూరుగులంక, పదిహేడున్నర. అంకె సరే.
పక్కన పేరు నేలపూడి సింహాద్రి.
సింహాద్రి పగటి మనిషి.
ఆ నీళ్లు రాత్రి రెండింటివి.
గుంపు అంతే,
ఎత్తు ఒకరి దగ్గర తీసుకుని
చేతికందిన పేరు దానికి అంటిస్తుంది.

చెరిపేశాను.
గేజికీ గేజికీ మధ్య గట్టు వేసి మడులు చేశాను.
ఒక్కో మడిలో మట్టాన్ని పైనించి కిందికి పేర్చి
నెంబర్లిచ్చి
ఒకటో నెంబరును మాత్రం రమ్మన్నాను.
ఈసారి వరసకు వరసే కదిలొచ్చింది,
అంకె, గంట, పేరు చేతులు వదలకుండా:
బూరుగులంక, రాత్రి రెండు, కడలి ఏసురత్నం.

పది గేజిలు కుదిరాయి.
పదకొండోది ఊడిమూడి రేవు.
మూడింటికీ నాలుగింటికీ ఒకే మట్టం,
గోదారి ఓ గంట ఆగి ఆలోచించింది కాబోలు.
మూడింటిది గుబ్బల నూకరాజు.
అతను ఇసక బస్తాలు మొయ్యడానికి పరిగెడితే
నాలుగింటికి అతని భార్య దిగి చూసొచ్చింది.
చీటీ మీద వంకర అక్షరాలు:
"నీల్లు అంతే ఉన్నయ్. మంగ."
నేనలాగే ఎక్కించాను, రిమార్కుల గడిలో.

సమానమైతే ఎవరు ముందో నేను చెప్పలేదు.
మొదటిసారి నడిపితే నూకరాజు వచ్చాడు.
రెండోసారి మంగ.
మూడోసారి నడపడానికి చెయ్యి రాలేదు.

ఇద్దర్నీ ఒకటో ర్యాంకులో నిలబెట్టే మాట ఉంది, తెలుసు.
అప్పుడు పన్నెండు వరసలు.
ధవళేశ్వరం ఫారంలో పదకొండే గళ్లు.
"ముందు చూసినవాణ్ణే వెయ్యమ్మా."
గంటను కూడా పేర్పులో కలిపాను.
ఇక ఎన్నిసార్లు నడిపినా నూకరాజే.

పంపేశాను.
ఫ్యాను కట్టేముందు, ఎందుకో,
ఒకటి ఉన్నచోట రెండు వేసి నడిపాను.
ఎవరూ అడగని పదకొండు మంది వచ్చారు.
చివర్న ఊడిమూడి రేవు, తెల్లారగట్ల నాలుగు.
నీల్లు అంతే ఉన్నయ్.