చీటీ లేని బోరెం

ఆదోని మార్కెట్ యార్డులో
పదకొండేళ్లు నేను చీటీలు రాసినాను.
బోరెం మీద బోరెం దిగుతాంటే
ఊరు, రైతు పేరు, లాటు నంబరు.
పెద్దతుంబళం, హొళగుంద, కౌతాళం, కోసిగి,
ఎవరి పత్తి ఎవరిదో
ఒక్కరోజు గూడా తప్పు రాయలేదు.

ఇది ముందే ఎందుకు చెప్తాండానంటే
తరువాత చెప్పేది మీరు నమ్మాల.

ఆ ఏడు, వానలు వెనక్కి పోయిన కార్తీకంలో
నా తలకాయలోకి ఒక మాట దిగింది.
దాని మీద చీటీ లేదు.

అరుపు కాదు. గుసగుస కాదు.
నేను అనుకోబోయేదే, నాకంటే అర నిమిషం ముందు
ఎవరో అనుకొని పెట్టినట్లు.
చెయ్యి కడుక్కుందామని లేస్తే
"చెయ్యి కడుక్కుంటాండాడు" అని ఇంకొకడు.
వాని గొంతు నాదే. యాస మాత్రం
రాయచూరు తట్టు నుంచి వచ్చిన వ్యాపారిది.

వానికి తెలివి తప్పిందన్నారు.
తప్పలేదు సామీ, ఎక్కువైంది.
నడిచేటప్పుడు మీరు కాళ్లను తలుచుకుంటారా?
నేను తలుచుకుంటా.
ఊపిరి పీల్చేవాన్ని చూస్తా,
చూసేవాన్ని చూస్తా,
వాని వెనక ఇంకొకడు నిలబడి
పుస్తకంలో రాసుకుంటాంటాడు.
ఇంతమందిలో ఈ పత్తి ఎవరిదని అడిగితే
ఒక్కడూ చెయ్యెత్తడు.

ఆఖరి రోజు సంగతి దాచినా ఇందాక.
ఆ పొద్దు నలభై బోరేల మీద
నా పేరే రాసినాను. ఉరుకుందప్ప, ఉరుకుందప్ప.
నన్ను నేను ఎక్కడన్నా దింపుకోవాలనిపించి.
తిప్పన్న సేటు తిట్టలేదు.
నా చేతిలోని పెన్ను మెల్లగా తీసుకున్నాడు.

రాత్రి దీపం ఆర్పినాక హుసేనమ్మను అడిగినా:
"నీకు ఇనపడిందా?"
లేదు అనలేదు ఆ మనిషి.
"నాకు ఇనపడలేదు" అనింది.
ఆ రెండు మాటల మధ్య ఎంత ఎడముందో
ఎవరూ కొలిచినట్లు లేదు.
ఆ ఎడంలోనే దుప్పటి పరుచుకొని
నాలుగేళ్లుగా పండుకుంటాండా.

నెలకొకసారి కర్నూలు పెద్దాసుపత్రి.
ఎమ్మిగనూరు, కోడుమూరు మీద బస్సు.
కొత్త డాక్టరమ్మ, చిన్నపిల్ల, అడిగింది:
"అవి నీ ఆలోచనలేనని నీకు తెలుస్తుందా?"
తెలుస్తాదమ్మా.
ఉప్పు ఉప్పని తెలిసినట్లు కాదు,
మా నాయన పోయినాడని తెలిసినట్లు.
తెలిసి గూడా, వాకిట్లో చెప్పుల చప్పుడైతే
తల తిప్పుతాం గదా.

యార్డులో కాటాకు ఏడాదికొకసారి
తూనికల ఆఫీసరు వచ్చి, రాళ్లు పెట్టి చూసి
సీలు కొట్టి పోయేవాడు.
కాటా తప్పు చూపుతాందేమోనని
కాటానే అడిగితే ఎట్ల?
నా తలను నా తలతోనే తూచాల నేను.
అందుకే రాళ్లు అరువు తెచ్చుకున్నా.
ఒకటి హుసేనమ్మ ముఖం.
ఒకటి తెల్ల మాత్ర.
ఒకటి మా వీధి కుక్క. నిజంగా ఎవరన్నా వస్తే
అది మొరుగుతాది.

మాత్ర వేసుకుంటే మాటలు తగ్గినాయి.
నేను గూడా కొంచెం తగ్గినా.
తేమ ఉందని తరుగు తీసినట్లు
క్వింటాలుకు ఇంతని పోయింది నాలో నుంచి.
పోయింది ఏదో, దానికీ చీటీ లేదు.

మొన్న పొద్దున ఉగ్గాని తింటాంటే
ఉప్పు తక్కువైందనిపించింది.
చెయ్యి నోటి దగ్గరే ఆగింది,
వెనకాల ఎవరన్నా ఆ మాటే మళ్లీ అంటారేమోనని.
వీధిలో పాలాయన సైకిలు పోయింది.
పక్కింటి మిక్సీ తిరిగి, ఆగింది.
ఎవరూ అనలేదు.

అలికిడి లేకుండా వచ్చిన
ఒక ఉత్త ఆలోచన. నాదే అయ్యుండాల.
పేరు రాద్దామని
జేబులో లేని పెన్ను కోసం తడుముకున్నా.
అంతలో హుసేనమ్మ వచ్చి
ఉప్పు డబ్బా నా ముందర పెట్టింది.

నేనైతే పైకి ఏమీ అనలేదు.
అనలేదనే అనుకుంటాండా.