అనుమతించాలా?

రాణీగంజ్, రెండో అంతస్తు, బేరింగుల దుకాణం.
నెలాఖరు. నూట నలభై బిల్లులు.
లెక్కల సాఫ్ట్‌వేర్ ఒక్కో బిల్లునీ మెయిల్ చేతికిస్తుంది,
మెయిల్ ఉలిక్కిపడుతుంది:
"ఎవరో మీ పేరుతో ఉత్తరం పంపబోతున్నారు.
అనుమతించాలా?"

ఎవరో ఏంటే తల్లీ,
పక్క కిటికీలో పదకొండేళ్లుగా కూర్చున్నదే!
ఒకే డబ్బాలో కాపురం,
ఇంకా ముఖపరిచయం లేదు.

అవును. అవును. అవును.
చాయ్ మీద మీగడ కట్టింది. అవును.

మొయిజ్ వచ్చి చూశాడు.
"యాంటీవైరస్ పాతబడ్డది మేడం,
అందుకే దానికి అందరి మీద డౌటు.
కొత్తది వేస్తే నోరు మూస్తది."
వచ్చే నెల చూద్దామన్నాడు సేఠ్.
ఆ వచ్చే నెల మూడుసార్లు వచ్చి పోయింది.

నా చూపుడు వేలు చదవడం మానేసింది.
నిద్రలో కూడా దుప్పటిని నొక్కుతోందని
మా ఆయన పట్టుకుని ఆపాడట.

తొంభై ఏడో బిల్లు, జీడిమెట్ల పార్టీది.
గోడౌన్ గడప దాటని సరుకు.
సేఠ్ చెప్పాడు, నేను కొట్టాను.
ఎవరో మీ పేరుతో...

కింద ట్రాలీ మీంచి
ఇనుప చువ్వలు దింపుతున్న చప్పుడు.

కుడి పక్కన, బూడిద రంగులో,
"వద్దు" అని కూడా ఉంది.
ఇన్నాళ్లూ అది అక్కడే ఉంది.