నడిమి ధార

ఐదింటికి మేత గొట్టం గలగలమంటుంది.
అప్పటికే నిలబడి ఉండాలి నేను
నూట ఇరవై తోకల వెనక,
కర్రకు కట్టిన గరిటెతో.

ఆ చప్పుడుకు తల్లిపందులు లేస్తాయి,
లేవగానే పోస్తాయి.
మొదటి ధార నేలకు వదిలెయ్యి, అంది సిగ్నే,
చివరిది వద్దు,
నడిమిది పట్టు.
రాత్రంతా దాచుకున్న ఉచ్చ అబద్ధం చెప్పదు.

జట్లండ్‌లో ఇది నా మూడో చలికాలం.
బయట చీకట్లో గాలిమరలు, ఉప్పు గాలి.
గరిటెలోంచి ఆవిరి లేస్తుంటే
వేళ్ళు కాచుకోవాలనిపిస్తుంది, నవ్వొస్తుంది.

పట్టీ ముంచి అరవై దాకా లెక్కపెడతాను,
మా పోల్తావా మాటల్లోనే.
ఇక్కడి అంకెలు యాభై దగ్గర మెలికపడతాయి.
తెలుపు. తెలుపు. తెలుపు.
నాలుగు వందల పద్దెనిమిది దగ్గర
గులాబి.

గులాబి కూడా కాదు,
బీట్‌రూట్ కడిగిన గిన్నెను
మూడోసారి తొలిచిన నీళ్ళు.

ఐదు ఈతల తల్లి.
నిన్న తొట్టిలో గింజ మిగల్చలేదు, ఒళ్ళు వెచ్చగా లేదు.
నడుము విల్లులా వంచి నిలబడింది.
చుక్క.
ఆగి, ఇంకో చుక్క.
ఆ నిలబడటం నాకు తెలుసు.

సిగ్నే పట్టీ కేసి చూడలేదు ముందు.
వంగి, నీటి మీట నొక్కింది.
నిమిషానికి పావు లీటరు రాలేదు, అదీ తుప్పుతో.
"జబ్బు ఇక్కడుంది, పానా పట్రా.
తాగకపోతే పొయ్యదు,
పొయ్యకపోతే లోపల పురుగు కాపురం పెడుతుంది.
ఒక పొద్దున చచ్చి పడుంటుంది,
నిన్నటిదాకా బాగానే ఉందే అనుకుంటాం."

మీట విప్పుతూ వింటున్నాను.

మరుగుదొడ్డి పెరడుకి అవతల.
వెళ్ళాలంటే బూట్లు విప్పి, బట్టలు మార్చి,
మళ్ళీ లోపలికి రావాలంటే స్నానం చేసి...
ఇరవై నిమిషాలు.
అందుకే పని అయ్యేదాకా నీళ్ళు ముట్టను.
మూడు వారాలుగా మంట.
ఆ మంటను ఈ భాషలో ఏమంటారో
ఎవరిని అడగను?

కొత్త మీట బిగించాం.
నీళ్ళు మొహం మీదికి చిమ్మాయి.
నాలుగు వందల పద్దెనిమిది తాగింది,
తాగింది,
ఇంకా తాగుతూనే ఉంది.

పట్టీల డబ్బా మూత చేతిలో పట్టుకుని
సిగ్నే నా వైపు తిరిగింది.
"యారినా, పొద్దుట్నుంచి నువ్వెన్ని గ్లాసులు తాగావు?"

నుల్, అన్నాను.
సున్నాకు మా దగ్గరా వీళ్ళ దగ్గరా ఒకటే మాట.

ఆమె మూత పెట్టలేదు.