కూడా

నార్ఫోక్‌లో వాన ఆగిన మధ్యాహ్నం.
బకెట్టు, మెత్తని కుంచె. వైరు బ్రష్షు వద్దంది
చర్చి చూసుకునే మ్యూరియల్ గారడ్:
"నాచుదీ ఈ ఊరే. బతిమాలి తియ్యాలి."

ఉత్తరపు గోడ వార
తర్టిల్ వాళ్ల రాయి కొంచెం ముందుకు ఒరిగింది,
వినపడని మాటకి చెవి ఒగ్గినట్టు.

టార్చి పక్కనుంచి పడితే
అక్షరాలు నీడలతో లేచాయి.
ఏమస్ తర్టిల్, బండిచక్రాలు చేసేవాడు, 1911.
దాని కింద: కూడా,
పైవారి కొడుకు హెడ్లీ, పంతొమ్మిదేళ్లు,
టైగ్రిస్ ఒడ్డున నేలకొరిగాడు, 1916.
అడుగున కెజయా, తల్లి, 1934.

పద్దెనిమిదేళ్లు ఆవిడ ఇక్కడ నిలబడి
తన పేరుకి మిగిల్చిన జాగా చూసుకుని ఉంటుంది.
మట్టిలో పెట్టెలు రెండే.
పేర్లు మూడు.

ఇంగ్లీషులో అది పద్దు రాసే మాట,
సరుకుల చీటీ చివర గుర్తొచ్చిన ఉప్పు.
మన నోట్లోకి తెచ్చుకుంటే మాత్రం
కూడా అంటే వెంట.
సంతకి పోతూ నా కూడా రారా అంటాం.
చీకట్లో పెరట్లోకి
ఎవరో ఒకరు కూడా వస్తే చాలంటాం.

వాడు రాలేదు.
ఏ ఇసుక కప్పుకున్నాడో ఏ కాగితమూ చెప్పలేదు.
రాతి మీద మాత్రం
అమ్మకీ నాన్నకీ మధ్య,
పిల్లప్పుడు పడుకున్న చోటే.

హెడ్లీలో చివరి అక్షరం ఇంకా నాచు కిందే ఉంది.
వేళ్లు కొంకర్లు పోతున్నాయి.
ఫ్లాస్కు మూత తిప్పుతూ మ్యూరియల్ అడిగింది
ఎందాకా వచ్చావని.
"కూడా దాకా," అన్నాను, తెలుగులోనే.
ఏం అర్థమైందో, తలూపి
రెండో కప్పు తీసింది.